కాలికి పింఛను, చేతికి పని

మా ఆయన ఇబ్రహీంపట్నంలో కరెంటు ఉద్యోగం చేసేవారు. సర్వీసులో ఉండగానే గుండెపోటుతో పోయారు. క్వార్టర్స్ ఖాళీ చేసి పటమటలో ఈ అపార్ట్‌మెంట్‌కి వచ్చేసరికి నాకు యాభై నాలుగేళ్ళు. డిగ్రీ చదివాను గానీ జీవితంలో ఒక్కరోజు కూడా ఉద్యోగం చేయలేదు. ప్రతినెలా ఆయన ఫ్యామిలీ పింఛను నా ఖాతాలో పడుతుంది. నవంబరులో ఒకసారి బ్యాంకుకి వెళ్ళి, బతికే ఉన్నానని కాగితం ఇచ్చి వస్తే చాలు, మిగతా పదకొండు నెలలు ఎవరూ ఏమీ అడగరు. అది నా హక్కు అనుకున్నానే తప్ప ఎప్పుడూ దాని గురించి ఆలోచించలేదు.

మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో, లిఫ్టు పక్కన మెట్ల కింద, ఒకామె కుట్టుమిషను వేసుకుని కూర్చునేది. చీరలకి ఫాల్సు, పీకో, కుచ్చులు, జాకెట్లకి హుక్కులు. నలభై దగ్గర వయసు. కుడికాలికి పోలియో. మోకాలి పైదాకా ఇనుప పట్టీలున్న బూటు తొడుక్కుని, ఒక చేత్తో కర్ర పట్టుకుని, వెనక సందులోని తన గది నుంచి పొద్దున తొమ్మిదింటికి వచ్చేది. అందరూ పీకో అమ్మాయి అనేవాళ్ళు. నేనూ అలాగే అనేదాన్ని.

మొదటిసారి ఆమె దగ్గరికి చీర తీసుకెళ్ళిన రోజు నాకు బాగా గుర్తు. చేనేత అని చెప్పి అమ్మారు, ఖరీదు కూడా అలాగే పెట్టారు. ఆమె చీర అంచు రెండు వేళ్ళ మధ్య పట్టుకుని, ఒకసారి లాగి చూసి, తల పైకెత్తకుండానే చెప్పింది.

"ఇది మగ్గం మీద నేసింది కాదండీ. పవర్‌లూమ్."

నాకు కోపం వచ్చింది. నీకేం తెలుసు అన్నట్టు చూశాను. ఆమె చీర వెనక్కి తిప్పి, అంచు దగ్గర దారం ఎక్కడ ఎలా తిరిగిందో, చేత్తో నేస్తే ఎలా ఉండేదో చూపించింది. నేను మర్నాడే దుకాణానికి వెళ్ళి గట్టిగా అడిగితే వాళ్ళు మారు మాట్లాడకుండా చీర మార్చి ఇచ్చారు. అప్పటినుంచి చీర కొనాలంటే ముందు ఆమెకి చూపించడం అలవాటైంది. మధ్యాహ్నం పూట పైన ఒక్కదాన్నీ ఏం చేస్తాను? ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని ఆమె పక్కన కూర్చునేదాన్ని.

వాళ్ళది బందరు దారిలో ఒక నేత ఊరు. ఇంట్లోనే గుంట మగ్గం. గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చుని, రెండు కాళ్ళతో కింద కర్రలు మార్చి మార్చి తొక్కుతుంటేనే గుడ్డ పడుతుంది. అన్నలిద్దరూ మగ్గం ఎక్కారు. ఈమెకి ఒక కాలు లేనట్టే కాబట్టి అమ్మ పక్కన కూర్చుని నేతకి కావలసిన నూలు కండెలు చుట్టేది. పదిహేనేళ్ళప్పుడు వాళ్ళ నాన్న ఒకరోజు పక్కన కూర్చుని, కాళ్ళతో చేసే పని నీకు వద్దమ్మా, చేతులతో చేసేది వెతుకుదాం అన్నాడట. బెజవాడ తీసుకొచ్చి కుట్టు నేర్చుకోవడానికి చేర్పించాడు. అక్కడా ఇబ్బందే. మిషను తొక్కడానికి కాళ్ళు ఆడాలి. మోటారు పెట్టిన మిషనుకి కూడా పెడలు కుడివైపే ఉంది. నేర్పే ఆవిడ ఇది నీవల్ల కాదు అంటే, ఈమె మిషన్లు బాగుచేసే ఆయన్ని బతిమాలి పెడలుని ఎడమకాలి వైపుకి మార్పించుకుంది. ఆ ఒక్క మార్పుతో పాతికేళ్ళుగా అన్నం తింటున్నానండీ అని చెప్పింది.

ఇవన్నీ విని కూడా నేను చేసిన పని చెప్పాలి.

మాది గుడివాడ వైపు రైతు కుటుంబం. మా ఇళ్ళలో నలుగురు కలిస్తే వచ్చే మాట ఒకటే. ప్రభుత్వం అన్నీ ఊరికే ఇచ్చి జనాన్ని పాడుచేసింది, నాట్లకి మనుషులు దొరకట్లేదు, కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయి. మా తమ్ముడైతే ఈ మాట అనకుండా అన్నం ముందు కూర్చోడు. వాడి చేలో బోరుకి కరెంటు ఊరికే వస్తుంది, పంట అప్పుకి వడ్డీ తగ్గుతుంది. ఆ సంగతి ఎవరం ఎత్తం. నేను ఆ మాటల మధ్యే పెరిగాను. అవి నా నోట్లోంచి కూడా అలవోకగా వచ్చేస్తాయి.

రెండేళ్ళ కిందట ఒకటో తారీఖున వార్డు సచివాలయం ఉద్యోగి ఒకతను స్కూటర్ మీద వచ్చి, మిషను దగ్గరే ఆమె చేత వేలిముద్ర వేయించుకుని పింఛను ఇచ్చి వెళ్ళాడు. ఆమెకి వికలాంగుల పింఛను వస్తుందని అప్పుడే తెలిసింది నాకు. ఆమెని ఏమీ అడగలేదు. కానీ ఆ ఆదివారం అపార్ట్‌మెంట్ మీటింగు జరిగింది. మా అసోసియేషన్ సెక్రటరీ, రిటైరైన పెద్దాయన, మన పన్నులన్నీ ఉచితాలకే పోతున్నాయని బాధపడుతుంటే నేను అందుకున్నాను.

"ఎక్కడో ఎందుకండీ, మన సెల్లార్‌లోనే చూడండి. చేతినిండా పని, పైగా నెలనెలా పింఛను."

అందరూ నవ్వారు. పెద్దాయన ఏ పింఛను అని అడిగితే అదీ చెప్పాను. పని చేసుకోగలిగినవాళ్ళకి పింఛనెందుకండీ అని కూడా అన్నాను. ఇంటికొచ్చి టీ పెట్టుకుని ఆ మాట మర్చిపోయాను.

కొన్నాళ్ళకి లిఫ్టులో కలిసినప్పుడు ఆ పెద్దాయన, మీరు చెప్పిన విషయం మీద ఆన్‌లైన్లో ఫిర్యాదు పెట్టానండీ అన్నాడు. మంచి పని చేసినవాడి సంతోషం ఆయన మొహంలో ఉంది. వెనక్కి తీసుకోండి అని ఒక్కమాట అంటే సరిపోయేది. నా అంతస్తు రాగానే దిగి వెళ్ళిపోయాను.

ఆ తర్వాత నెలన్నరకి ఆమెకి నోటీసు వచ్చింది. ఆ రోజుల్లో అలాంటి నోటీసులు చాలామందికి వచ్చాయి. ఫిర్యాదు వల్ల వచ్చిందో, అందరితోపాటు వచ్చిందో ఇప్పటికీ నాకు తెలీదు. ఆమె ఆ కాగితం నా చేతికిచ్చి, ఇందులో ఇంగ్లీషు ముక్కలున్నాయి చదివిపెట్టండి అంది. వైకల్యం ఎంత శాతమో మళ్ళీ పరీక్ష చేస్తారు, ఫలానా రోజు ప్రభుత్వ ఆసుపత్రిలో క్యాంపుకి రావాలి, రాకపోతే పింఛను ఆపేస్తారు అని ఉంది. చదివి చెప్పి, కాగితం మడిచి ఆమె చేతికిచ్చాను.

ఆమె కంగారు పడలేదు. క్యాంపులో ఎక్కువసేపు నిలబడలేను, లైనులో నా చోటు కాయడానికి ఎవరైనా వస్తే బాగుండు అంది. నేనొస్తానన్నాను.

ఆ వారం రోజులూ సెల్లార్‌కి వచ్చిన ప్రతివాళ్ళూ సలహాలిచ్చారు. బూటు తీసేసి వెళ్ళు, నడవలేనట్టు కనిపిస్తావు అని ఒకరు. చక్రాల కుర్చీ అద్దెకి తీసుకో అని ఒకరు. కుట్టుపని మాట మాత్రం ఎత్తకు అని అందరూ. ఆమె కుడుతూనే అన్నీ విని, రోజూ ఎలా నడుస్తానో అలాగే వెళ్తానండీ అని సరిపెట్టింది.

క్యాంపు రోజు పొద్దున్నే ఆటోలో వెళ్ళాం. మేం వెళ్ళేసరికే వరండా నిండిపోయింది. చంకకర్రల వాళ్ళు, నల్లకళ్ళద్దాల వాళ్ళు, ఎత్తుకుని తెచ్చిన పిల్లలు. అంతమందిని ఒక్కచోట నేనెప్పుడూ చూడలేదు. వీళ్ళంతా రోజూ మన మధ్యే ఎక్కడో ఉంటారు గదా, నాకెందుకు కనబడలేదు అనిపించింది. ఆమెని గోడవారగా కూర్చోబెట్టి నేను లైనులో నిలబడ్డాను. గంట తర్వాత లైను గోడ దగ్గరికి జరిగింది. ఇద్దరం పక్కపక్కనే ఉన్నాం. ఇంక ఆపుకోలేక చెప్పేశాను. మీటింగులో నేనేం మాట్లాడానో, ఆ పెద్దాయన ఏం చేశాడో, లిఫ్టులో నేనెలా నోరుమూసుకుని దిగిపోయానో, అన్నీ.

ఆమె మొహం తిప్పుకుని గుమ్మం వైపు చూస్తూ ఉండిపోయింది. బూటు పట్టీ ఊడదీసి మళ్ళీ బిగించుకుంది. తర్వాత నెమ్మదిగా అడిగింది.

"నేను బాగానే సంపాదిస్తున్నానని చెప్పారు. అంతేనా అండీ?"

"అంతే."

"అది నిజమే. నా కాలు సంగతి మాత్రం చెప్పలేదన్నమాట."

ఆమె గొంతు పెంచలేదు. నాకు లెక్క చెప్తున్నట్టు కాదు, తెలియనివాళ్ళకి దారి చెప్తున్నట్టు చెప్పింది.

"నేను బస్సెక్కలేనండీ. ఎక్కడికెళ్ళినా ఆటోనే. మేడమీద గది తక్కువకి దొరుకుతుంది, నేను కిందే తీసుకోవాలి. ఈ బూటు రెండేళ్ళకి అరిగిపోతుంది. నా తిండి, నా బట్ట, మా అమ్మ మందులు నేను కుట్టి తెచ్చుకుంటాను, అది ఎవర్నీ అడగను. ఈ కాలు అడిగేది మాత్రం నా చేతులు మొయ్యలేవు. దానికే ఆ పింఛను. పని మానేస్తేనే ఇస్తామంటే నేను తీసుకోను."

ఎత్తిపొడుపేమీ లేకుండా, నిజంగా తెలుసుకోవాలన్నట్టు ఇంకో మాట అడిగింది.

"సార్ పింఛను మీకొస్తుంది కదండీ. మీరేం పని చేస్తున్నారని ఎవరైనా అడిగారా ఎప్పుడైనా?"

అడగలేదు అన్నాను. నా అరవయ్యేళ్ళ జీవితంలో అంత సిగ్గుపడిన క్షణం ఇంకోటి లేదు.

మా ముందు ఒకతను ఎడమచెయ్యి ముడుచుకుని ఛాతీకి ఆనించి నిలబడి ఉన్నాడు. జేబులో ఫోను మోగగానే అదే చేత్తో తీసి చెవి దగ్గర పెట్టుకున్నాడు. ఈమె కింద నుంచి అతని ప్యాంటు పట్టి లాగి, "అన్నా, ఆ చెయ్యి కాదు" అంది. చుట్టుపక్కల వాళ్ళు నవ్వారు. ఆమె నవ్వలేదు. నీలాంటివాడు ఒకడుంటే వందమందిని అనుమానంగా చూస్తారు అని అతనికి వినబడేట్టే అంది. కాసేపటికి అతను లైనులో లేడు. నీళ్ళకి వెళ్ళాడో, ఇంటికే వెళ్ళాడో.

ఇంతలో వెనక నుంచి ఒక ముసలాయన వచ్చి ఫారం ఎలా నింపాలని అడిగాడు. ఆమె ఆ ఫారం తీసుకుని నా చేతికిచ్చింది.

"మీ చేతిరాత బాగుంటుంది కదండీ. రాసిపెట్టండి."

అది నన్ను క్షమించడమో, శిక్షించడమో నాకు తెలీలేదు. రాశాను. ఆయన వెనక ఇంకొకరు, ఇంకొకరు. మా నంబరు వచ్చేలోపు ఎన్ని ఫారాలు రాశానో గుర్తులేదు. ఎవరికి ఏ కాగితం కావాలో, ఏ గదిలో ఏ పరీక్షో ఆమె కూర్చున్నచోటు నుంచే చెప్తోంది, నేను రాస్తున్నాను.

లోపల డాక్టరు చిన్నవయసు అమ్మాయి. సంచి పట్టుకుని నేనూ వెళ్ళి గోడ దగ్గర నిలబడ్డాను. బూటు విప్పించి, మంచం మీద పడుకోబెట్టి, రెండు కాళ్ళూ టేపుతో కొలిచింది. బూటు లేకుండా ఆ కాలు నేను చూడటం అదే మొదలు. నా ముంజేయి అంత సన్నగా ఉంది. దానిమీదే ఈమె పాతికేళ్ళుగా రోజూ సందు దాటి వస్తోంది. డాక్టరు నడవమంది. గోడ పట్టుకుని నాలుగు అడుగులు వేసింది.

ఏం చేస్తావు అని డాక్టరు అడిగితే, ఒక్క క్షణం కూడా తడుముకోకుండా, మిషను కుడతానండీ, చీరలకి ఫాల్సు, పీకో అని చెప్పింది. నేను డాక్టరు పెన్ను వైపు చూశాను. రోజంతా కూర్చోగలవా అని డాక్టరు అడిగింది. రెండు గంటలు కూర్చుంటే నడుము పట్టేస్తుంది, లేచి నిలబడి మళ్ళీ కూర్చుంటానంది. డాక్టరు రాస్తూ రాస్తూ ఆగి, పని చేస్తానని చెప్పింది పొద్దుటినుంచీ నువ్వొక్కదానివే అంది.

"చేసే పని చెప్పుకోడానికి సిగ్గెందుకండీ" అంది ఆమె, బూటు పట్టీలు బిగించుకుంటూ.

బయటికి వచ్చేసరికి పన్నెండు దాటింది. మా పని అయిపోయింది, ఇంటికెళ్దామా అన్నాను. ఆమె వరండా వైపు చూసి, ఇంకా చాలామంది ఉన్నారండీ, మీకు ఓపికుంటే ఇంకొన్ని రాయండి అంది. క్యాంటీన్‌లో ఇడ్లీ తిని వచ్చి, నాలుగింటి దాకా కూర్చున్నాం.

ఫలితం వెంటనే రాలేదు. అది తేలేదాకా అని రెండు నెలలు పింఛను ఆపారు. ఆమె జాకెట్లు కుట్టడం కూడా మొదలుపెట్టి, సాయంత్రం ఇంకో గంటన్నర ఎక్కువ కూర్చునేది. నడుము నొప్పికి బెల్టు కట్టుకునేది. నేను డబ్బులివ్వబోతే తీసుకోలేదు. పనుంటే ఇవ్వండి, చేస్తానంది. బీరువాలో ఏళ్ళుగా మడతపెట్టి ఉన్న చీరలన్నీ దించి కుచ్చులు వేయించుకున్నాను.

ఆ తర్వాతి మీటింగులో నేను లేచి నిలబడ్డాను. ఎప్పుడూ అంతమందిలో అలా లేచి మాట్లాడినదాన్ని కాదు. నేను ఆ రోజు అన్నమాట తప్పు, సగమే చెప్పాను అని మొదలుపెట్టి, ఆసుపత్రిలో చూసింది చెప్పాను. "నేను కూడా పింఛను మీదే బతుకుతున్నాను. ఒక్కరోజు పనిచేయలేదు. ఆమె రోజూ చేస్తోంది" అన్నాను. పెద్దాయన కోప్పడలేదు. దొంగ సర్టిఫికెట్ల వాళ్ళు కూడా ఉన్నారు కదమ్మా, పరీక్ష పెడితే తప్పేంటి అన్నాడు. ఆ మాటే మర్నాడు ఆమెకి చెప్తే, పరీక్ష పెట్టడం తప్పు కాదండీ, మనిషిని చూడకుండానే తీర్పు చెప్పడం తప్పు అంది. ఆ పెద్దాయన ఆ వారంలోనే భార్య చీరలు నాలుగు పట్టుకుని సెల్లార్‌కి దిగాడు. ఏం మాట్లాడుకున్నారో నేను అడగలేదు. ఆయన చాలాసేపు నిలబడే ఉన్నాడని వాచ్‌మన్ చెప్పాడు.

మూడోనెల పింఛను మళ్ళీ మొదలైంది. శాతం పాతదానికంటే కొంచెం తగ్గించి రాశారు గానీ పింఛనుకి అడ్డం రాలేదు. ఆగిన నెలలది కూడా కలిపి ఇచ్చారు. ఆమె ఆ రోజు మధ్యాహ్నమే మిషను మీద గుడ్డ కప్పి, అరిగిపోయిన బూటుకి కొత్త అడుగు వేయించుకోడానికి ఆటో ఎక్కింది.

ఇది జరిగాక నాకు కూడా ఒక పని దొరికింది. క్యాంపు ఉన్నప్పుడల్లా పెన్నులు, అట్ట తీసుకుని వెళ్తున్నాను. సెల్లార్‌లో ఎవరొచ్చి అడిగినా ఆమె, పైన మేడం గారున్నారు, రాసిపెడతారు అని పంపిస్తుంది. ఇదివరకు ఎవరైనా సాయం అడిగితే వీళ్ళకి నిజంగా అవసరమా అని ముందు నాలో నేను విచారణ పెట్టేదాన్ని. ఇప్పుడు ముందు కూర్చోమని కుర్చీ వేస్తున్నాను. మా తమ్ముడితో వాదన మాత్రం తెగలేదు. ఈ మధ్య వాడొచ్చినప్పుడు కిందికి తీసుకెళ్ళి ఆమెని పరిచయం చేశాను. వాడు మిషను పెడలు వైపు చూసి, ఇది మార్చాలని నీకెలా తోచిందమ్మా అని అడిగి, చాలాసేపు అక్కడే ఉన్నాడు.

పోయిన నెల నేను సెల్లార్‌లో ఆమె పక్కన కూర్చుని ఉండగా ఒక చిన్నవయసు తల్లి వచ్చింది. ఆరేళ్ళ పాపని భుజాన వేసుకుని ఉంది. పాపకి మెడ నిలబడదు. ఫారం రాయించుకోడానికే వచ్చింది గానీ, అంతా రాశాక సంతకం దగ్గర ఆగిపోయింది. అత్తగారింట్లో పింఛను వద్దంటున్నారట. పిల్లని చూపించి డబ్బు తెచ్చుకుంటోంది అంటారని భయం. నేను ఏదో సర్దిచెప్పబోయాను. మిషను ఆపి ఆమె ఆ పాప చెయ్యి తన చేతిలోకి తీసుకుంది.

"అనేవాళ్ళు అంటారమ్మా. నువ్వు తీసుకో. తీసుకుని ముందు ఈ పిల్ల మెడకి ఆసరా ఉండే కుర్చీ చేయించు. కూర్చోగలిగితే పాప చేతులు ఖాళీ అవుతాయి. ఆ చేతులతో ఏం చేస్తుందో తర్వాత చూద్దాం. దానికి నేనున్నాను."

ఆ తల్లి పాపని ఆమె ఒళ్ళో పెట్టి, నా చేతిలోంచి పెన్ను తీసుకుని సంతకం పెట్టింది.